సర్వర్ మారినా సమాచారం మారరాదు: ఖాతాల తరలింపులో పాటించవలసిన జాగ్రత్తలు

ఆన్‌లైన్ సేవలందించే ప్రభుత్వ కార్యాలయాలు కాలానుగుణంగా పాత సర్వర్ నుండి కొత్త సర్వర్‌కు మారవలసి ఉంటుంది. ఈ మార్పులో యంత్రాన్ని అమర్చడం సులభమే. ఒక్క ఖాతా కూడా తప్పిపోకుండా, ఒకరి వివరాలు మరొకరి పేరున చేరకుండా సమాచారాన్ని తరలించడమే అసలైన బాధ్యత. పింఛనుదారు, రైతు, విద్యార్థి హక్కులు ఆ వివరాలపైనే ఆధారపడి ఉంటాయి.

ఇందుకు గూడూరు పేరే చక్కని ఉదాహరణ. కృష్ణా జిల్లాలో మచిలీపట్నం సమీపాన గూడూరు మండలమున్నది. అదే పేరుతో కర్నూలు జిల్లాలోను, నెల్లూరు ప్రాంతంలోను, తెలంగాణలోని మహబూబాబాద్ జిల్లాలోను మండలాలున్నాయి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలను 26 జిల్లాలుగా పునర్వ్యవస్థీకరించినప్పుడు కృష్ణా జిల్లాలోని విజయవాడ పరిసర గ్రామాలు ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరగా, ఈ గూడూరు కృష్ణా జిల్లాలోనే కొనసాగింది. కావున ఊరి పేరును, జిల్లా పేరును మాత్రమే చూసి పాత, కొత్త వివరాలను జతపరచడం క్షేమకరం కాదు. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నిర్వహించే స్థానిక ప్రభుత్వ డైరెక్టరీలో ప్రతి గ్రామానికి ప్రత్యేక సంఖ్య ఉన్నది. ఆ సంఖ్యను, ఖాతా సంఖ్యను ఆధారంగా చేసుకొనుట శ్రేయస్కరం.

తరలింపుకు ముందు పాత సర్వర్‌లో కొత్త నమోదులను నిలిపివేయాలి. లేనిచో ప్రతి తీసిన తరువాత నమోదైన దరఖాస్తులు పాత యంత్రంలోనే మిగిలిపోతాయి. తరలింపు ముగిసిన పిదప రెండు చోట్ల ఖాతాల సంఖ్యను, మొత్తాలను సరిపోల్చాలి. అవి సరిపోయే వరకు పాత ప్రతిని తొలగించరాదు.

తపాలా శాఖ తన కొత్త సాంకేతిక వ్యవస్థను 2025 మే, జూన్ మాసాలలో తొలుత కర్ణాటక సర్కిల్‌లో ప్రయోగాత్మకంగా అమలుపరచి, దశలవారీగా ఇతర ప్రాంతాలకు విస్తరించింది. ఆగస్టు 4 నాటికి సుమారు 1.65 లక్షల కార్యాలయాలు ఈ వ్యవస్థలోకి వచ్చాయి. సమాచార తరలింపు నిమిత్తం పలు ప్రాంతాలలో ఒక రోజు లావాదేవీలు ఉండవని ముందుగానే ప్రకటించారు. 4.6 లక్షల మందికి పైగా సిబ్బందికి శిక్షణ ఇచ్చారు.

వినియోగదారుల పాస్‌వర్డ్‌లను సురక్షిత వ్యవస్థలు యథాతథంగా భద్రపరచవు. తిరిగి చదువ వీలులేని రూపంలోకి మార్చి ఉంచుతాయి. అందువలన కొన్ని సందర్భాలలో కొత్త పాస్‌వర్డ్ ఏర్పరచుకోవలసి రావచ్చు. ఇదే అదనుగా మోసగాళ్లు ఫోన్ చేసి ఓ.టి.పి. అడిగే ప్రమాదమున్నది. ఖాతా తరలింపు కోసం ఓ.టి.పి. చెప్పమని ఫోన్ చేసేవారిని నమ్మరాదు. మోసపోయినవారు వెంటనే 1930 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు.

సేవలు నిలిచే తేదీ, వేళ, తిరిగి ప్రారంభమయ్యే సమయం, ఫిర్యాదు చేయవలసిన కార్యాలయం వివరాలను అధికారులు ముందుగా తెలియజేసి, పత్రికలు వాటికి తగిన ప్రచారం కల్పించినట్లయితే, గ్రామీణులు కార్యాలయానికి వచ్చి పని జరుగక వెనుదిరిగే అవస్థ తప్పుతుంది.