ప్రేమగా కత్తిరించిన కొమ్మలు

హైదరాబాద్ శివార్లలో, నాగారంలోనో, శామీర్‌పేట దారిలోనో ఏ నర్సరీలోనైనా బోన్‌సాయ్ చెట్టు కనిపిస్తే కాస్త దగ్గరికెళ్లి చూడండి. లోతు లేని తొట్టి, కొమ్మలకు చుట్టిన సన్నటి తీగ, ఆ తీగ ఎటు వంచితే అటు తిరిగిన రెమ్మలు. రెండు మూడేళ్లకోసారి చెట్టును పైకి తీసి వేళ్లు కత్తిరించి మళ్లీ పాతుతారు. ఇదంతా చేసేది చెట్టంటే గిట్టనివాళ్లు కాదు, ఎంతో ఇష్టపడి పెంచుకునేవాళ్లే.

అబ్బూరి ఛాయాదేవి 1974లో రాసిన ‘బోన్‌సాయ్ బ్రతుకు’ కథకు ప్రాణం ఇక్కడే ఉంది. పెద్దగా చదువుకోనివ్వకుండా పెళ్లి చేసిన అక్క, చదువుకుని ఉద్యోగం చేస్తున్న చెల్లెలింటికి వస్తుంది. చెల్లెలు మురిసిపోతూ తన బోన్‌సాయ్ తురాయిని చూపిస్తుంది. ఇంతలో గాలీ వానా. చెల్లెలు కుండీని గబగబా లోపలికి చేరుస్తుంది. బయట పెద్ద తురాయి చెట్టు వానకు తడుస్తూనే జనానికి నీడనిస్తోంది. ఆడపిల్లనీ మగపిల్లవాడినీ పెంచే తీరులోని తేడాను ఆ రెండు చెట్లలో చూసింది చెల్లెలు కాదు, పెద్దగా చదువుకోని అక్క. కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన నిర్ణయం అదే. డిగ్రీలున్నవాళ్లే స్త్రీ స్వేచ్ఛ గురించి మాట్లాడాలన్న అహంకారాన్ని ఛాయాదేవి దగ్గరికి రానివ్వలేదు.

ఆమె 1933లో రాజమండ్రిలో పుట్టారు. తండ్రి కట్టుబాట్ల మనిషి. హైదరాబాద్ నిజాం కాలేజీలో రాజనీతి శాస్త్రంలో ఎం.ఏ. చేశారు. కవి అబ్బూరి రామకృష్ణరావు కోడలిగా, వరద రాజేశ్వరరావు భార్యగా సాహిత్యం నిండిన ఇంట్లో అడుగుపెట్టారు. ఆంధ్ర యువతీ మండలి పత్రిక ‘వనిత’కు సంపాదకత్వం వహించారు. ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో ఉద్యోగం చేశారు. తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి రచనలను తెలుగు చేశారు. పనికిరాని వస్తువులతో బొమ్మలు చేయడమూ ఆమెకు సరదా.

ఆమె కథల్లో కొట్టి తిట్టే దుర్మార్గులు అరుదు. తండ్రి, భర్త, పిల్లలు అందరూ ఎంతో కొంత మంచివాళ్లే. అయినా ఆడమనిషికి ఊపిరాడదు. ‘సుఖాంతం’ కథలోని స్త్రీ కోరుకునేది కాస్త నిద్ర, అంతే. చిన్నప్పుడు ఒకరు లేపుతారు, పెళ్లయ్యాక ఇంకొకరు, తల్లయ్యాక పిల్లలు. చివరికి నిద్రమాత్రలే ఆ కోరిక తీరుస్తాయి. ఆంగ్ల రచయిత్రి వర్జీనియా వూల్ఫ్ 1929లో రాసే స్త్రీకి తనదంటూ ఓ గది, కొంత డబ్బు ఉండాలన్నారు. ఛాయాదేవి కథలోని స్త్రీ అంత దూరం కూడా పోలేదు, కంటినిండా నిద్ర దొరికితే చాలనుకుంది. పెద్ద సంఘటనలేవీ లేకుండా ఒక మనిషి లోపల నడిచే ఆలోచనల మీదే కథను నిలబెట్టడం ఆమె ఆధునికత. నినాదం రాసే చోట కూడా ఆమె గొంతు పెంచలేదు. అందుకే ఆ కథలు ఇంట్లోవాళ్లు కూడా చదవగలిగారు, చదివి ఇబ్బంది పడ్డారు.

2005లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ‘తన మార్గం’ కథల సంపుటికి వచ్చింది. ఆ పేరున్న కథలో భర్త పోయిన స్త్రీ పిల్లల పంచన చేరకుండా తన ఇంట్లో తాను ఉండాలని నిర్ణయించుకుంటుంది. పిల్లలు చెడ్డవాళ్లని కాదు. తన రోజు ఎలా గడవాలో తాను తేల్చుకోవాలని, అంతే. ఛాయాదేవి తన చివరి సంవత్సరాలు కొండాపూర్‌లోని సి.ఆర్. ఫౌండేషన్ వృద్ధాశ్రమంలో గడిపారు. 2019 జూన్ 28న కన్నుమూశారు.

ఆమెను కొత్తగా చదవబోయేవారు పురస్కారం వచ్చిన సంపుటి కన్నా ముందు ‘సుఖాంతం’ అందుకోవాలని నా కోరిక. చిన్న కథ, ఒక్క బిగిన అయిపోతుంది. మగవాళ్లు చదివితే ఇంకా మంచిది.