వార్త చెప్పాలి, బాధితుల గుర్తింపు కాపాడాలి

ఘోరం జరిగిన ఇంటి ముందు మైకులు బారులు తీరడం టీవీలో చూస్తూనే ఉంటాం. ఏడుస్తున్న తల్లిని ‘మీకు ఎలా అనిపిస్తోంది?’ అని అడుగుతారు. ఈ మీడియాకు మానవత్వమే లేదని మనం తిట్టుకుంటాం. కానీ మీడియా అసలు ఆ వైపే వెళ్లకపోతే? కేసు పెట్టారా లేదా, దర్యాప్తు ఎంతవరకు వచ్చింది అన్నది ఎవరికీ తెలియదు. మరి జాలి చూపడం, సమాచారం ఇవ్వడం.. ఈ రెండూ ఎలా కుదురుతాయి?

2018 జనవరిలో జమ్మూ ప్రాంతంలోని కథువాలో 8 ఏళ్ల బాలికపై అత్యాచారం చేసి చంపేశారు. ఏప్రిల్‌లో పోలీసులు చార్జిషీటు వేయబోతే కొందరు లాయర్లు అడ్డుకున్నారు. ఆ వార్త దేశమంతా పాకింది. మే నెలలో సుప్రీంకోర్టు కేసును పంజాబ్‌లోని పఠాన్‌కోట్‌కు మార్చింది. 2019 జూన్‌లో ఆరుగురికి శిక్ష పడింది. వారిలో ముగ్గురు పోలీసులకు సాక్ష్యాలను మాయం చేసినందుకు శిక్ష పడింది. ఇవన్నీ జనానికి తెలియాల్సిన సంగతులే.

అయితే వాటితో పాటు చిన్నారి పేరు, ఫొటో కూడా బయటికొచ్చాయి. న్యాయం జరగాలన్న తపనతోనే లక్షల మంది షేర్ చేశారు. ఢిల్లీ హైకోర్టు తనంతట తానే విచారణ చేపట్టి, పేరు వెల్లడించిన మీడియా సంస్థలు ఒక్కొక్కటి 10 లక్షల రూపాయలు బాధితుల పరిహార నిధికి కట్టాలంది. చనిపోయిన అమ్మాయి పేరు రాయొచ్చనే అపోహ ఉండిందని వారి తరఫు లాయర్లు చెప్పారు.

చట్టం మాత్రం అలా చెప్పడం లేదు. చనిపోయినా బాధితురాలికి పరువు ఉంటుందని 2018 డిసెంబర్‌లో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పేరు ఒక్కటే కాదు, మనిషిని గుర్తుపట్టేలా ఏ వివరమూ ఇవ్వకూడదు. పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్ ఇల్లు, బడి, కుటుంబం, చుట్టుపక్కల ప్రాంతం వివరాలు కూడా వద్దంటుంది. పేరు దాచి, ఊరు, వీధి, తండ్రి చేసే పని రాస్తే దాచినట్టు కాదు.

మన హైదరాబాద్ శివార్లలో 2019 నవంబర్‌లో జరిగిన పశువైద్యురాలి హత్య కేసులోనూ ఇదే జరిగింది. పేరు, ఫొటో సోషల్ మీడియా అంతా తిరిగాక ‘దిశ’ అని పిలవాలని పోలీసులు కోరారు. డిసెంబర్ 6న నలుగురు నిందితులు ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. చాలామంది సంబరాలు చేసుకున్నారు. ‘ఇది నిజంగా ఎన్‌కౌంటరేనా?’ అని అడిగిన విలేకరులను ‘మీకు ఆ ఆడపిల్లపై జాలి లేదా?’ అన్నారు. కానీ సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్, పోలీసులు చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని తేల్చింది. ఆ నివేదిక 2022లో బయటికొచ్చింది. బాధితురాలిపై జాలి ఉన్నంత మాత్రాన అధికారులను ప్రశ్నించడం ఆపాల్సిన పని లేదు.

ఈ రెండు కేసులూ ఒకే విషయం చెబుతున్నాయి. సానుభూతి అంటే వార్తను తగ్గించడం కాదు, ఏ వివరం ఎవరి గురించి అన్నది చూసుకోవడం. పోలీసులు, కోర్టులు, ప్రభుత్వం ఏం చేశాయన్నది ఎంత వివరంగా రాస్తే అంత మంచిది. బాధితుల ఇంటి వివరాలు ఎంత తక్కువ చెబితే అంత మంచిది. మాట్లాడటం ఇష్టం లేదని కుటుంబం అంటే అక్కడితో వదిలేయాలి. దర్యాప్తు గురించి చెప్పడానికి అధికారులు ఉన్నారు కదా!

ఇది విలేకరులకే కాదు, మనకూ వర్తిస్తుంది. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ పత్రికలకే పరిమితం కాదు, ప్రచురించే ఎవరికైనా వర్తిస్తుంది. శిక్ష రెండేళ్ల వరకు ఉండొచ్చు. ఫ్యామిలీ గ్రూపులో, మొహల్లా గ్రూపులో అలాంటి ఫొటో వస్తే ఫార్వర్డ్ చేయకండి, పంపినవాళ్లతో తీసేయించండి. న్యాయం కోసం గొంతెత్తాలంటే కేసు ఎక్కడ ఆగిందో రాయండి. అందుకు ఆ బిడ్డ ముఖం చూపించక్కర్లేదు.