మేటి ఆటగాడైతే చాలదు

1997లో ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్‌లో, సీజన్ అంతా మేటిగా, నిజాయితీగా ఆడినవాడికి ఇచ్చే బ్రౌన్‌లో మెడల్ ఓట్లు లెక్కపెడితే, వెస్టర్న్ బుల్‌డాగ్స్ ఆటగాడు క్రిస్ గ్రాంట్‌కు అందరికన్నా ఎక్కువగా 27 వచ్చాయి. మెడల్ మాత్రం 26 ఓట్లు వచ్చిన సెయింట్ కిల్డా ఆటగాడు రాబర్ట్ హార్వీకి దక్కింది. ఆ సీజన్‌లో గ్రాంట్ మీద ఒక్క మ్యాచ్ సస్పెన్షన్ పడింది, అదే కారణం. అంతకు ముందు ఏడాది కోరీ మెకర్నన్‌కూ ఇలాగే చేజారింది. ఎంత గొప్పగా ఆడినా ఆ ఏడు సస్పెండైతే అర్హత పోతుంది. ప్రతి మ్యాచ్ అయ్యాక 3, 2, 1 చొప్పున ఓట్లు వేసేది కూడా కోచ్‌లో విలేఖరులో కాదు, ఆటగాళ్ల మాటా చేతా దగ్గరుండి చూసిన అంపైర్లు. గ్రాంట్‌కు అన్యాయం జరిగిందని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. నియమం మాత్రం నిలబడింది.

ఆస్ట్రేలియాలో పిల్లలను పెంచుకుంటున్న మనం ఈ సంగతి శ్రద్ధగా గమనించాలి. జూనియర్ ఫుటీ క్లబ్బుల్లో, నెట్‌బాల్ జట్లలో సీజన్ చివర ఇచ్చే 'బెస్ట్ అండ్ ఫెయిరెస్ట్' బహుమతి ఈ ఆలోచనలోంచి వచ్చిందే. మంచి నడవడిని అసెంబ్లీలో ఇచ్చే ఉపన్యాసానికి వదిలేయకుండా లెక్కలో చేర్చారు. చాలా హైస్కూళ్ల అథ్లెటిక్స్ కార్నివాల్‌లో గెలిచినవారితో పాటు, పరుగు పూర్తి చేసిన ప్రతి పిల్లవాడూ తన హౌస్‌కు ఒక పాయింటు తెస్తాడు. అందుకే అందరికన్నా వెనక రొప్పుతూ వస్తున్న పిల్లను చూసి నవ్వేవాళ్లు తక్కువ, హౌస్ రంగు జెండాలు ఊపుతూ చివరి గీత దాకా పిలిచేవాళ్లు ఎక్కువ. ర్యాంకుల మధ్య చదువుకుని వచ్చిన మనకు అది మొదట వింతగానే ఉంటుంది.

గెలుపు కన్నా తోటివారిని ముందు చూసుకునే ఈ అలవాటు పెద్ద పోటీలో ఎంత దూరం వెళ్లగలదో మెల్‌బోర్న్‌లో 1956 మార్చి 10న జనం కళ్లారా చూశారు. ఒలింపిక్ పార్క్‌లో జాతీయ ఛాంపియన్‌షిప్ మైలు పరుగు. అప్పటి ప్రపంచ రికార్డు జాన్ ల్యాండీది. రెండేళ్ల కిందట ఫిన్లాండ్‌లో, నాలుగు నిమిషాల లోపు మైలు పరిగెత్తిన రెండో మనిషిగా నిలిచినవాడు. మూడో ల్యాప్‌లో పంతొమ్మిదేళ్ల రాన్ క్లార్క్ కింద పడ్డాడు. వెనకే వస్తున్న ల్యాండీ అతని మీదుగా దూకాడు, బూటు మేకులు క్లార్క్ చేతిని గీశాయి. ల్యాండీ ఆగిపోయాడు. వెనక్కి వచ్చి, బాగానే ఉన్నావా అని కనుక్కుని, అప్పుడు మళ్లీ పరుగందుకున్నాడు. అప్పటికి మిగతావాళ్లు ఎంతో ముందున్నారు. అయినా అందరినీ దాటి 4 నిమిషాల 4.2 సెకన్లలో గెలిచాడు. ఆ నవంబరులో మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో ఒలింపిక్ జ్యోతి వెలిగించింది క్లార్క్, క్రీడాకారుల తరఫున ప్రమాణం చేసింది ల్యాండీ. తర్వాతి కాలంలో ల్యాండీ విక్టోరియా గవర్నరయ్యారు. ఆనాటి సంఘటనకు ఒలింపిక్ బులవార్డ్ దగ్గర కంచు విగ్రహం ఉంది. టెన్నిస్ చూడటానికి వెళ్లినప్పుడు పిల్లలను అక్కడ ఒక్క నిమిషం ఆపి ఈ కథ చెప్పండి.

పిల్లలు దీన్ని బాగానే పట్టుకుంటారు. చిక్కంతా గీత బయట నిలబడ్డ పెద్దలతోనే. శనివారం పొద్దున ఏ ఓవల్ దగ్గరైనా చూడండి. ఎల్‌బీ ఇవ్వలేదని నాన్న కేక వేస్తాడు. అంపైర్‌గా నిలబడింది పదిహేనేళ్ల కుర్రాడు, చెవులు ఎర్రబడతాయి. బౌలింగ్ వేస్తున్న మనవాడు బంతి వదిలేసి నాన్న వైపు చూస్తాడు. ఆ తర్వాతి బంతి వైడే. ఆడేది పిల్లలనీ, అంపైర్లూ మనుషులేననీ మైదానాల గేట్ల దగ్గర బోర్డులు పెట్టాల్సివచ్చింది ఇందుకే. కారెక్కగానే "ఎన్ని కొట్టావు" అన్న ప్రశ్నకు ముందు "అవతలి జట్టులో ఎవరు బాగా ఆడార్రా" అని అడిగి చూడండి.

క్రీడాస్ఫూర్తి అంటే అవమానాన్ని మింగి ఊరుకోవడం అని మన పిల్లలు అనుకోకూడదు. ఇది గట్టిగా చెప్పాలి. 2021 జనవరిలో సిడ్నీ టెస్టులో మన హైదరాబాదీ బౌలర్ మహమ్మద్ సిరాజ్‌ను ప్రేక్షకుల్లో కొందరు దూషించారు. అప్పటికి అతని తండ్రి పోయి రెండు నెలలు కూడా కాలేదు. సిరాజ్ తిరిగి తిట్టలేదు, నోరు మూసుకునీ ఉండలేదు. కెప్టెన్ రహానేకు చెప్పాడు, అంపైర్లకు చెప్పారు, ఆట ఆగింది. కొందరిని స్టాండ్స్‌లోంచి పంపించేశారు. క్రికెట్ ఆస్ట్రేలియా క్షమాపణ చెప్పింది. స్కూలు మైదానంలో మన అమ్మాయినో అబ్బాయినో రంగు మీదో, యాస మీదో ఎవరైనా అంటే చేయాల్సిందీ ఇదే: కెప్టెన్‌కు, అంపైర్‌కు, టీచర్‌కు ఆ క్షణమే చెప్పడం. అదే సిరాజ్ 2024 డిసెంబరులో అడిలైడ్‌లో ఆస్ట్రేలియా బ్యాటర్ ట్రావిస్ హెడ్‌ను అవుట్ చేసి, వెళ్లు వెళ్లు అని చేయి చూపించాడు. అతనికి మ్యాచ్ ఫీజులో 20 శాతం జరిమానా పడింది, ఇద్దరికీ చెరో డీమెరిట్ పాయింటు. అయినా ఇద్దరూ మైదానంలోనే మాట్లాడుకుని సర్దుకున్నారు. మనవాడని ఈ రెండో కథ దాచిపెట్టడం నాకు ఇష్టం లేదు. మొదటి కథకు చప్పట్లు కొట్టే హక్కు రెండోది ఒప్పుకుంటేనే వస్తుంది.

మన సంఘాలు ఏటా క్రికెట్, వాలీబాల్, బ్యాడ్మింటన్ పోటీలు పెడుతూనే ఉన్నాయి. కప్పులు మాత్రం పరుగులకూ వికెట్లకూ పాయింట్లకే. ఈ ఏడాది నుంచి ప్రతి మ్యాచ్ అయ్యాక అంపైర్ చేతికి ఒక చీటీ ఇచ్చి 3, 2, 1 ఓట్లు వేయించి కవరులో పెట్టి అతికించవచ్చు. హైస్కూలు పిల్లలకు స్కోరింగ్, అంపైరింగ్ నేర్పించి వాళ్లనే నిలబెట్టవచ్చు. తీర్పిచ్చే చోట నిలబడి చూసిన కుర్రాడు అంపైర్ మీద అరవడానికి ముందు ఒకసారి ఆలోచిస్తాడు. టోర్నమెంటు నియమాల కాగితం మీద కెప్టెన్లతో పాటు తల్లిదండ్రుల సంతకాలూ తీసుకోవాలి. సస్పెండైన ఆటగాడికి బహుమతి లేదన్న మాట అందులో మొదటి నియమంగా ఉండాలి, ఆ ఆటగాడు సంఘం అధ్యక్షుడి కొడుకైనా సరే.