ఆపరేషన్ అయింది సరే, కోలుకున్నట్టేనా?

మా నక్కపల్లి వైపు నుంచి విశాఖపట్నం వెళ్ళి మోకాలు మార్పిడి ఆపరేషన్ చేయించుకొచ్చే పెద్దవాళ్ళున్నారు. కుట్లు విప్పారు, ఎక్స్‌రే బాగుందన్నారు. మరి మనిషి కోలుకున్నట్టేనా?

మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరుగారు "ఎలా ఉందమ్మా?" అంటారు. అత్తగారేమో "పరవాలేదు బాబూ" అనేస్తారు. రాత్రంతా మూలిగిన సంగతి ఆ మాటలో ఉండదు కదా! అందుకే కోలుకోవడాన్ని కొలిచి చెప్పాలి.

ఇందుకోసం ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో 1998లో 12 ప్రశ్నలు తయారుచేశారు. రాత్రి నొప్పితో నిద్ర చెడుతోందా, కుర్చీలోంచి లేవడం కష్టమా, మెట్లు దిగగలరా, బజారు పని చేసుకోగలరా... అన్నీ ఇంటి సంగతులే. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 4 మార్కులు. ఏ ఇబ్బందీ లేకపోతే మొత్తం 48. అక్కడి ప్రభుత్వ వైద్యశాఖ 2009 నుంచి ఆపరేషన్‌కి ముందొకసారి, ఆరు నెలలకు మరొకసారి రోగులనే అడిగి రాయించుకోవడం మొదలుపెట్టింది. ముందు సంగతి రాసి లేకపోతే తర్వాత ఎంత మేలైందో ఎలా తెలుస్తుంది?

మనమూ ఆపరేషన్ తేదీ ఖాయం కాగానే ఒక నోటుబుక్కు తీద్దాం. వారానికోసారి నొప్పికి 0 నుంచి 10 లోపు ఒక అంకె వెయ్యమనండి. నడక మొదలయ్యాక, డాక్టరుగారు సరేనంటే, కుర్చీలోంచి లేచి పదడుగులు నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. పక్కన ఒకరుండాలి సుమా! మోకాలు ఎంత వంగుతోందో, పూర్తిగా చాచగలుగుతున్నారో లేదో కూడా రాయండి. 90 డిగ్రీలు, అంటే పుస్తకం మూలలా వంగితే కుర్చీలో హాయిగా కూర్చోవచ్చు. మెట్లు దిగడానికి ఇంకాస్త వంగాలి. పీట మీద కూర్చోలేకపోతున్నారని మాత్రం దిగులు పడకండి. కొత్త మోకాలితో నేలమీద కూర్చోవద్దనే చాలామంది డాక్టర్లు చెబుతారు.

పక్కింటావిడతో పోలిక వద్దు. ఆపరేషన్‌కి ముందు తానెలా ఉండేవారో, దానితోనే పోల్చాలి. వాపు కొన్ని నెలలుండొచ్చు. పూర్తిగా తేరుకోవడానికి ఏడాది కూడా పట్టొచ్చు.

కాని తగ్గిన నొప్పి మళ్ళీ పెరిగినా, పిక్క వాచి సలుపుతున్నా, గాయం నుంచి రసి కారినా, జ్వరం వచ్చినా వారం లెక్క చూడకండి. ఆ రోజే డాక్టరుగారికి చెప్పండి. ఆయాసం, ఛాతీనొప్పి వస్తే క్షణం ఆగకుండా ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి.

ఈసారి డాక్టరుగారి దగ్గరికి వెళ్ళేటప్పుడు మందుల చీటీతోపాటు ఆ నోటుబుక్కూ సంచిలో పెట్టుకోండి. అత్తగారు మొహమాటపడి చెప్పనిది అదే చెబుతుంది.