పాట – రికార్డు – పాఠపరిష్కరణ

జానపద గేయాల మీద మన భాషలో పరిశోధన తక్కువేమీ జరగలేదు. 1958లో బిరుదురాజు రామరాజుగారి 'తెలుగు జానపద గేయ సాహిత్యము' అచ్చయిన నాటినుంచి విశ్వవిద్యాలయాల్లో ఈ శాఖకు ఒక స్థానం ఏర్పడింది. నేదునూరి గంగాధరంగారి వంటివారు విశ్వవిద్యాలయాలతో నిమిత్తం లేకుండానే పాటలు సేకరించి అచ్చువేశారు. అయితే ఈ కృషిలో ఎక్కువ భాగం కలంతోనూ కాగితంతోనూ జరిగింది. పాటలోని మాట కాగితం మీదికి వచ్చింది. గొంతు రాలేదు, వూపిరి రాలేదు, పనిలోని లయ రాలేదు. ఇవాళ ప్రతి విద్యార్థి జేబులోనూ శబ్దాన్ని పట్టే యంత్రం వుంది. కాబట్టి ఇక పాట మొత్తం దొరికిపోయినట్టేనని చాలామంది అనుకుంటున్నారు. అలా అనుకోవడం ఎందుకు పొరపాటో చెప్పడమే ఈ వ్యాసం వుద్దేశం.

మా బడిలో పదో తరగతి చదివిన కుర్రవాడొకడు ఇప్పుడు కాలేజీలో సంగీత రికార్డింగు సాంకేతిక విద్య చదువుతున్నాడు. మొదటి సెమిస్టరు. సెలవులకు వచ్చినప్పుడు, "మాస్టారూ, చూడండి, ఇందులో మీకు పనికొచ్చేది ఏమీ వుండదనుకోండి" అని తన పాఠాల పుస్తకం నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. ధ్వని స్వభావం, మైకులు, మట్టాలు, ట్రాకులు, కత్తిరింపు, మిశ్రమం, తుది ప్రతి - ఇవీ అధ్యాయాలు. చదువుతూ వుంటే నాకు ఎం.ఏ.లోని పాఠపరిష్కరణ పేపరు గుర్తుకొచ్చింది. తాళపత్ర ప్రతులు సేకరించడం, పాఠాంతరాలు గుర్తించడం, ప్రక్షిప్తాలు ఏరివేయడం, చివరికి ఒక పాఠాన్ని నిర్ణయించి అచ్చుకివ్వడం - పండితులు చేసే పని ఇదే కదా. రికార్డు చేసేవాడు కూడా అడుగడుగునా ఒక పాఠాన్ని నిర్ణయిస్తూనే వుంటాడు. తేడా అల్లా, పండితుడు తాను వదిలేసిన పాఠాన్ని అధోజ్ఞాపికలో చూపుతాడు. రికార్డు చేసేవాడికి అధోజ్ఞాపిక లేదు.

మైకుతో మొదలుపెడదాం. ధ్వని అంటే గాలిలో ఒత్తిడి హెచ్చుతగ్గులు. అవి మైకులోని పలుచని పొరను కదిలిస్తాయి. ఆ కదలిక విద్యుత్తుగా మారుతుంది. ఇంతవరకు అమాయకమైన భౌతికశాస్త్రమే. కాని మైకు అన్ని వైపులా ఒకేలా వినదు. గాయకులు ఎక్కువగా వాడే రకానికి వినికిడి పరిధి హృదయాకారంలో వుంటుంది. ఎదురుగా వున్నదాన్ని పూర్తిగా వింటుంది, పక్కల వున్నదాన్ని సగం వింటుంది, వెనక వున్నదాన్ని దాదాపు వినదు. పైగా ఆరుబయట మైకుకూ గొంతుకూ మధ్య దూరం రెట్టింపైతే ధ్వని ఒత్తిడి సగానికి పడిపోతుంది. ఒక అడుగు దూరంలో పాడేవాళ్ళూ ఎనిమిదడుగుల దూరంలో పాడేవాళ్ళూ ఒకే బలంతో పాడినా, మైకు దగ్గర రెండో గొంతు ఎనిమిదో వంతే. మైకు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న పాటలో ఎవరు ముఖ్యులన్న ప్రశ్నగా మారేది ఇక్కడే.

బుర్రకథను తీసుకోండి. కథకుడి భుజాన తంబుర, వేళ్ళకు అందెలు; రెండు పక్కలా గుమ్మెటలతో వంతలు. ఒకరు హాస్యం చెబుతారు, ఇంకొకరు నాటి రాజకీయాన్ని కథలోకి లాగుతారు. 1943లో ఏర్పడిన ప్రజా నాట్యమండలి చేతుల్లో, ముఖ్యంగా షేక్ నాజర్ చేతుల్లో, ఈ రూపానికి పదును వచ్చిందంటే ఆ పక్కనున్న ఇద్దరి పాత్ర తక్కువది కాదు. కథకుడికి ఒక్క మైకు పెట్టి రికార్డు చేస్తే మనకు మిగిలేది హరికథకు దగ్గరగా వుండే మరో రూపం. రాజకీయం చెప్పే గొంతు పక్కకు పోతుంది. ఇందులో ఎవరి కుట్రా లేదు. మైకు వినికిడి పరిధి అది, అంతే.

ఇక మా విద్యార్థి సంగతి. మొదటి సెమిస్టరులో వాళ్ళకిచ్చిన అభ్యాసం, స్టూడియో బయట ఒక పాటను రికార్డు చేసి శుభ్రపరిచి ఇవ్వడం. వాడు మా మండలంలోనే ఒక వూరికి వెళ్ళి నాట్లేసే ఆడవాళ్ళ పాట పట్టుకొచ్చాడు. ఒకామె ఎత్తుకుంటుంది, తొమ్మిదిమంది అందుకుంటారు. వెనక్కి వెనక్కి నడుస్తూ, వంగి నారు గుచ్చుతూ పాడే పాట. వాడు గెనెం మీద నిలబడి ఎత్తుకునే ఆమెకు దగ్గరగా మైకు పట్టాడు. తర్వాత కంప్యూటరులో రొద తీసేశాడు. పాత పద్ధతిలో అయితే పాట లేని క్షణంలో వున్న రొదను నమూనాగా చూపిస్తే, యంత్రం దాన్ని మొత్తం పాటలోంచి తగ్గించేది. ఇప్పుడొచ్చిన సాధనాలు లెక్కలేనన్ని గొంతులు విని నేర్చుకున్నవి. దగ్గరి గొంతును నిలిపి మిగతాదాన్ని తుడిచేస్తాయి. వాడు నాకు వినిపించిన ప్రతిలో ఒక్క స్త్రీ గొంతు, స్వచ్ఛంగా, నిశ్శబ్దం మధ్య వుంది. అక్కడక్కడ వంత పాడేవాళ్ళు గోడవతలి మాటల్లా లీలగా వినిపించారు.

"నీళ్ళ చప్పుడేదిరా?" అన్నాను.

"అది నాయిస్ కదండీ మాస్టారూ."

వాణ్ణి తప్పుపట్టలేను. పుస్తకంలో అలాగే వుంది: కావలసినది సంకేతం, అక్కరలేనిది రొద. కాని ఏది కావాలో ఏది అక్కరలేదో భౌతికశాస్త్రం చెప్పదు. ఆ పాటలో చరణం ఎక్కడ విరగాలో నిర్ణయించేది బురదలో నారు గుచ్చే చెయ్యి. ఆ చప్పుడే దానికి తాళం. తాళం తీసేసరికి, పాటలో రెండుచోట్ల వచ్చే విరామం గాయని వూపిరి చాలక ఆగినట్టు వినిపిస్తోంది. నిజానికి అక్కడ ఆమె నడుమెత్తి కొత్త కట్ట అందుకుంటోంది. శ్రమనుంచి పుట్టిన లయను శ్రమ లేని లయగా మార్చడం సాహిత్యంలో జరిగితే మనం గంటలకొద్దీ చర్చిస్తాం. ఇక్కడ అది ఒక మీట నొక్కితే జరిగిపోయింది.

మట్టాల అధ్యాయం గురించి ఒక్కమాట. సీడీ రికార్డుల్లో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కొక్క కొలతనూ 65,536 మెట్లలో ఒకదానికి సర్దుతారు. మనిషి చెవి సుమారు 20,000 కంపనాలవరకే వింటుంది కనుక, దానికి రెట్టింపుకన్న కాస్త ఎక్కువసార్లు కొలిస్తే చాలునన్నది లెక్క. పాడే గొంతు పై మెట్టును దాటిపోతే తరంగం తల తెగిపోతుంది. చెదలు తిన్న తాటాకు మీది అక్షరంలాగే, తర్వాత దాన్ని వూహించగలమే గాని తిరిగి తేలేం. అందుకే కొత్తవాళ్ళు భయపడి గొంతుల హెచ్చుతగ్గులను సమంచేసే సాధనాన్ని ముందే తగిలిస్తారు. గుసగుసా కేకా ఒకే ఎత్తుకు వస్తాయి. ఏడుపుపాటలకు ఇది తగిలిస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

సాంకేతికత రూపాన్ని శాసించడం కొత్త సంగతి కాదు. ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902 నవంబరులో కలకత్తాలో గౌహర్ జాన్ పాటలు రికార్డు చేసినప్పుడు మైకు లేదు. గొట్టంలోకి గట్టిగా పాడాలి. పది అంగుళాల రికార్డులో పట్టేది సుమారు మూడు నిమిషాలు. గంటసేపు విస్తరించే రాగాన్ని ఆ మూడు నిమిషాల్లోకి కుదించడం ఒక కొత్త శిల్పమైంది. మన పద్యనాటకాల రికార్డులకూ ఇదే గతి పట్టింది. రంగస్థలం మీద నటుడు రాగం తీస్తే, వన్స్‌మోర్ అంటే, పద్యం ఎంతసేపైనా సాగేది. రికార్డులో పద్యం ముందుకొచ్చి రాగం తోకగా మిగిలింది. ఆ రికార్డులు విని పద్యం నేర్చుకున్న తరువాతి నటులు ఆ కుదింపునే సంప్రదాయమనుకున్నారు.

1925లో విద్యుత్ రికార్డింగు వచ్చింది, దానితో మైకు వచ్చింది. ఇక అరవనక్కరలేదు. మన భావగీతాల చరిత్ర రాసినవాళ్ళు ఇంగ్లీషు కాల్పనిక కవుల ప్రభావం గురించి, రవీంద్రుడి ప్రభావం గురించి రాశారు. మైకు గురించి రాయలేదు. ఆ కవిత్వం మైకువల్ల పుట్టిందనడం లేదు, అది అంతకుముందే వుంది. కాని చెవిలో చెప్పుకోవలసిన మాటను వెనక బెంచీదాకా వినిపించేలా పాడడం కుదరదు. సాలూరి రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి వంటివారి గొంతుల్లో లలితగీతం ఇంటింటికీ చేరిందంటే, గుసగుసను కూడా పట్టగలిగే యంత్రం అప్పటికే వుండడం ఒక కారణం. కరుణశ్రీ 'పుష్పవిలాపం' ఘంటసాల రికార్డు ద్వారా ఎంతమందికి తెలుసో, పుస్తకం ద్వారా అంతమందికి తెలియదు. పద్యం మధ్యలో మాట, మాటలోనే విషాదం - అది రంగస్థలపు గొంతు కాదు, మైకు ముందటి గొంతు.

వాల్టర్ బెంజమిన్ 1936లో వెలువడిన తన వ్యాసంలో యాంత్రిక పునరుత్పత్తివల్ల కళాకృతి చుట్టూ వుండే ప్రభ సడలిపోతుందన్నాడు. అందులో జనానికి మేలు కూడా వుందన్నాడు. 1963లో ఫిలిప్స్ సంస్థ తెచ్చిన క్యాసెట్టు మన దేశంలో 1980ల నాటికి చేసిన పని ఆ మేలుకు మంచి వుదాహరణ: రికార్డుల ఫ్యాక్టరీ పెట్టగల పెట్టుబడి లేనివాళ్ళ పాటలు కూడా వూళ్ళకు చేరాయి. జన నాట్యమండలి పాటలు అలా తిరిగినవే. అయితే బెంజమిన్ ప్రధానంగా మాట్లాడింది ప్రతుల గురించి. నా ప్రశ్న అంతకు ముందు మెట్టుది: ఏ ప్రతినుంచి ఈ ప్రతులు?

ఈ సందర్భంలో గౌహర్ జాన్ మళ్ళీ గుర్తుకొస్తుంది. పాట చివర ఆమె తన పేరు తానే ఇంగ్లీషులో చెప్పుకునేది. ఆ మూసలు జర్మనీలోని హానోవర్‌కు వెళ్ళి రికార్డులుగా అచ్చుపడేవి. అక్కడి పనివాళ్ళకు గాయని ఎవరో తెలియడానికి ఈ ఏర్పాటని చెబుతారు. మన కవులు ఆశ్వాసాంత గద్యలో పేరు చెప్పుకున్నట్టే. మా విద్యార్థి పుస్తకంలో కూడా ఇది వుంది: రికార్డింగు మొదట్లో పేరు, వూరు, తేదీ నోటితో చెప్పి పెట్టాలని. వాడు అలాగే చేశాడు. ఆమెను పేరడిగాడు, ఆమె చెప్పింది, వంత పాడేవాళ్ళు నవ్వారు, తమ పేర్లూ చెప్పారు. తుది ప్రతి చేసేటప్పుడు ఆ నలభై సెకన్లూ కత్తిరించాడు. ఫోనులో చోటు చాలక మూలాన్ని తుడిచేశాడు. నాకు వినిపించిన ప్రతికి పేరు 'ఫోక్ 3'.

దీన్ని నేను చిన్న విషయంగా చూడలేకపోతున్నాను. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం పాటలోని సాహిత్యం వేరు, సంగీతం వేరు, రికార్డు వేరు. 1994 సవరణతో ప్రదర్శించేవారి హక్కు కూడా వచ్చింది. జానపద గీతానికి సాధారణంగా ఫలానా కవి అంటూ వుండడు కనుక ఆ రచనకు హక్కుదారు దొరకడు. మిగిలేవి రెండు: పాడినవారి హక్కు, రికార్డు నిర్మాత హక్కు. నిర్మాత అంటే రికార్డింగుకు పూనుకుని బాధ్యత వహించినవాడు, అంటే ఫోను పట్టుకున్నవాడు. ఆ పాట రేపు ఏ సినిమాలోనో మోగితే, అడగడానికి ఒకరి పేరు మాత్రం మిగిలి వుంటుంది. అది పాడినామె పేరు కాదు.

1829లో వేమన పద్యాలు అచ్చువేసిన బ్రౌన్‌ను మనం ఇంకా అడుగుతున్నాం: ఏవి ఏరావు, ఏవి వదిలావు, ఎందుకు అని. అడగగలుగుతున్నాం, ఎందుకంటే ఆయన ప్రతులు కొన్నయినా మిగిలాయి. తెలుగు ఎం.ఏ.లో జానపద సాహిత్యం తీసుకున్నవాళ్ళకు ఈ రికార్డింగు పుస్తకంలోని మొదటి మూడు అధ్యాయాలైనా పాఠపరిష్కరణ పేపరులో చేర్చాలని నా సూచన. సిద్ధాంత గ్రంథాల్లో పాట పాఠం కింద కనీసం ఇవి వుండాలి: మైకు ఎక్కడ వుంది, ఎవరివైపు తిరిగి వుంది, పాడేవాళ్ళు పనిలో వున్నారా, మనకోసం కూర్చుని పాడారా, ఏ రొద తీసేశారు, తీయని ప్రతి ఎక్కడ భద్రపరిచారు. ఢిల్లీ పక్కన గుర్‌గావ్‌లో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్‌వారు 1982లో ప్రారంభించిన సంగీత భాండాగారం వుంది. ఇలాంటి వివరాలతో రికార్డులను దాచడమే దాని పని. ప్రతి తెలుగు శాఖా అంత పెద్ద పని చేయనక్కరలేదు. ఒక బీరువా, ఒక రిజిస్టరు చాలు.

మా విద్యార్థి వచ్చే నాట్లకు మళ్ళీ ఆ వూరు వెళతానంటున్నాడు, ఈసారి రెండు మైకులతో. ఒకటి గెనెం మీద, ఒకటి వంతపాడేవాళ్ళ పక్క. నేనూ వస్తానన్నాను. పేర్లు రాసుకునే పని నాకు అప్పగించాడు.