చప్పిడి ముక్కు కుక్కకు ఎండాకాలం గండం

హైదరాబాద్ : నాంపల్లి స్టేషన్‌లో రైలు దిగి అబిడ్స్ బజారుకు వెళ్లే ఊరివాళ్లు ఒకప్పుడు ఆగి వింతగా చూసిన బుల్లి కుక్కలు ఇప్పుడు మన ఊళ్లలో అరుగుల మీదే పడుకుని కనిపిస్తున్నాయి. నల్లని మొహం, చప్పిడి ముక్కు, ముడతలు పడ్డ నుదురు. అసలు పేరు పగ్. 2003లో సెల్‌ఫోన్ ప్రకటనలో ఒక చిన్న పిల్లవాడి వెంట నడిచిన నాటి నుంచి మనవాళ్లకు అది ‘హచ్ కుక్క’. ఆ కంపెనీ పేరు మారి ఏళ్లు గడిచినా కుక్క పేరు మాత్రం మారలేదు.

తెచ్చిన నాలుగు రోజులకే ఇంటిల్లిపాదీ నవ్వుకునే మాట ఒకటుంది. తాతకంటే గట్టిగా గురక పెడుతోందని. నవ్వవలసిన సంగతి కాదది. దానికి గాలి చాలడం లేదు.

మన వీధికుక్క మూతి చూడండి, ఎంత పొడుగో. బయటి గాలి ఆ దారిలోనే శుభ్రపడి లోపలికి పోతుంది. చూడ్డానికి ముద్దుగా ఉంటాయని మనుషులు తరతరాలుగా పొట్టి మూతి కుక్కలనే జతకట్టించి పగ్, బుల్‌డాగ్, షిట్జూ వంటి జాతులను తయారు చేశారు. ఎముక కురచ అయింది గాని లోపలి కండ ఆ మేరకు తగ్గలేదు. పెద్ద దుప్పటిని చిన్న సంచిలో కుక్కినట్టు అదంతా గొంతు దగ్గర ఇరుక్కుంది. ముక్కు రంధ్రాలు సన్నని చీలికలు. అంగిలి వెనక ఉండే మెత్తటి పొర పొడుగై శ్వాసనాళం నోటికి అడ్డంగా వేలాడుతుంది. కొన్నింటికి శ్వాసనాళమే ఇరుకు.

చలికాలం ఎలాగో గడిచిపోతుంది. చిక్కంతా ఎండల్లోనే. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాచి రొప్పడమే దాని విసనకర్ర. ఇరుకు గొంతుతో ఎంత రొప్పినా వేడి తగినంత బయటికి పోదు. రొప్పిన కొద్దీ గొంతు లోపల వాచి ఉన్న దారి కూడా మూసుకుపోతుంది. మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద కట్టేస్తే సాయంత్రానికి మిగలకపోవచ్చు.

పొమేరియన్ సంగతి వేరు. దాని మూతి బాగానే ఉంటుంది. శ్వాసనాళాన్ని తెరిచి ఉంచే మెత్తని ఎముక కట్లు వయసు మీద పడేకొద్దీ బలహీనపడతాయి. రబ్బరు గొట్టం మీద కాలు వేసినట్టు నాళం చదునవుతుంది. అప్పుడు వచ్చే దగ్గు అచ్చం బాతు అరుపులా ఉంటుంది. గొంతులో ఎముక అడ్డం పడిందనుకుని నోట్లో వేలు పెట్టి వెతికేవాళ్లు ఉన్నారు. మెడకు కట్టిన పట్టీ ఆ నాళాన్నే నొక్కుతుంది. దాన్ని తీసేసి ఛాతీ చుట్టూ వచ్చే పట్టీ వేయండి. పొయ్యి పొగ, దోమల చుట్ట పొగ తగలనీయకండి. ముద్దు చేసి బిస్కెట్లు మేపితే పేరుకునే కొవ్వు రెండు రకాల కుక్కలకూ ఊపిరి తగ్గిస్తుంది.

కుక్కల ఊపిరి గురించి ఈ నగరంలో ఒకప్పుడు ప్రపంచమంతా చెప్పుకున్న పరిశోధన జరిగింది. అబిడ్స్‌కు పేరు తెచ్చిన ఆల్బర్ట్ అబిద్ ఏ ప్రభువు కొలువులో ఉండేవాడో, ఆ ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ సొమ్ముతోనే అది నడిచింది. ఆపరేషన్‌కు క్లోరోఫాం ఇచ్చినప్పుడు రోగి గుండె ఆగి చనిపోతున్నాడా, ఊపిరి ఆగి చనిపోతున్నాడా అన్నది అప్పటి తగవు. అది తేల్చడానికి రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ 1888లో ఒకసారి, 1889లో మరోసారి హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ నడిపారు. రెండోసారి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే పేరున్న వైద్యుడు వచ్చారు. వందల కుక్కలు ఆ ప్రయోగాల్లో ప్రాణాలు విడిచాయి. పాపం, వాటి లెక్క ఎవరికి పట్టింది! ముందు ఆగేది ఊపిరే, నాడిని కాదు ఊపిరిని కనిపెట్టి ఉండండి అని లారీ తేల్చారు. క్లోరోఫాంతో గుండె కూడా నేరుగా ఆగవచ్చని 1911లో లెవీ అనే వైద్యుడు చూపడంతో ఆ తీర్పు సగమే నిలిచింది. అయినా చప్పిడి ముక్కు కుక్కను పెంచేవాళ్లకు ఆ పాత మాట ఇప్పటికీ పనికొస్తుంది.

కుక్క నిద్రపోతున్నప్పుడు గడియారం పెట్టుకుని పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో ఒక నిమిషం లెక్కపెట్టండి. 30 లోపు ఉండాలి. రోజూ అంతకు మించుతున్నా, నాలుగు అడుగులకే కూలబడుతున్నా, నిద్రలో ఉలిక్కిపడి లేస్తున్నా పశువైద్యునికి చూపాలి. చిగుళ్లు, నాలుక నీలంగా మారితే ఒక్క క్షణం కూడా ఆగకూడదు.

ఎండదెబ్బ తగిలితే ముందు చల్లబరచాలి, ఆ తరువాతే ఆసుపత్రి. నీడకు చేర్చి ఒంటి మీద మామూలు నీళ్లు పోస్తూ ఫ్యాను గాని విసనకర్ర గాని ఆడించండి. తడి గోనెపట్టా కప్పి వదిలేయకూడదు, వేడి లోపలే నిలిచిపోతుంది. స్పృహ లేని కుక్క నోట్లో నీళ్లు పోయకూడదు.

నగరానికి తీసుకురావలసి వస్తే తెల్లవారుజామున బయలుదేరండి. రైల్లో గార్డు పెట్టెలో కుక్కల కోసం డబ్బా ఉంటుంది గాని వేసవి పగలు ఈ జాతులను అందులో వేయడం ప్రాణాలతో చెలగాటమే. నాంపల్లిలో దిగాక అబిడ్స్ దాటి నారాయణగూడకు ఆటోలో వెళితే ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉంది.

ముక్కు రంధ్రాలు వెడల్పు చేసి, అంగిలి పొరను కత్తిరించే ఆపరేషన్ ఉంది. వయసులో ఉండగా చేయిస్తే మేలు. మత్తు ఇచ్చాక గొంతులో గొట్టం వేసి గాలి అందిస్తారు కాబట్టి ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ కొంత ధైర్యమే. ఆ గొట్టం తీసిన తరువాతి కొన్ని గంటలే గడ్డు సమయం. కుక్కను వెంటనే ఇంటికి తీసుకుపోతామని తొందరపెట్టకండి, డాక్టరు కళ్ల ముందే ఉండనివ్వండి.

ఇంకా కొనని వాళ్లు అమ్మేవాడి దగ్గర పిల్లను ఒక్కదాన్నే చూసి రాకండి. తల్లిని చూపించమనండి. దాన్ని నాలుగు నిమిషాలు నడిపించి, పక్కన కూర్చుని చెవి పెట్టి వినండి.