గ్రో ‘ఐలావ్’ చిత్రం: విజయచిత్రణలో బీభత్సం

1807 ఫిబ్రవరి 7, 8 తేదీలలో తూర్పు ప్రష్యాలోని ఐలావ్ వద్ద రష్యా సేనలతో ఫ్రెంచివారు జరిపిన పోరు నిజానికి ఎటూ తేలలేదు. రష్యన్లు రాత్రికి రాత్రి వైదొలగగా, రణరంగం తన అధీనంలో మిగిలినందున నెపోలియన్ దానినే విజయంగా చాటుకున్నాడు. ప్రాణనష్టపు వార్తలు పారిస్‌ను కలవరపెట్టిన వేళ, మ్యూజియముల అధిపతి దెనాఁ చిత్రకారులకు పోటీ ప్రకటించాడు. యుద్ధాన్ని కాక, మరునాడు క్షతగాత్రులను పరామర్శించే చక్రవర్తిని చిత్రించాలన్నది నిబంధన.

పోటీలో నెగ్గిన ఆంత్వాన్ ఝాఁ గ్రో దానిని పాటించాడు. నెపోలియన్ ముఖంలో కరుణ, చాచిన చేతిలో మన అభయముద్రను తలపించే భంగిమ ఉన్నాయి. అయితే సుమారు ఐదు మీటర్ల ఎత్తు, ఎనిమిది మీటర్ల వెడల్పు గల ఈ పటంలో చూపరిని ముందుగా నిలువరించేవి దిగువనున్న శవాలు: నిలువెత్తును మించినవి, మంచు పేరుకున్నవి. వీరానికి అంగంగా ఉండవలసిన బీభత్సం ఇక్కడ అంగియైంది. అయినప్పటికీ 1808 సలోన్ ప్రదర్శనలో నెపోలియన్ తన లీజియన్ ఆఫ్ ఆనర్ పతకాన్నే తీసి గ్రోకు బహూకరించాడు.